అవ్వలు మోసిన సంఘము



యెరూషలేము దేవాలయములోనికి శిశువైన ప్రభువు తేబడిన దినమున ఆయనను గుర్తుపట్టినవారు ఇద్దరే. ఒకరు సుమెయోను. రెండవవారు అన్న అను ప్రవక్త్రి. ఆమె సంగతి లూకా సువార్త రెండవ అధ్యాయములో నున్నది. ఏడేండ్లు మాత్రమే కాపురము చేసి, పిమ్మట దీర్ఘకాలము విధవరాలుగా బ్రదికిన ముసలమ్మ ఆమె. యాజకుల కన్నులకు కనబడనిది ఆ మసక కన్నులకు కనబడెను. తాను చూచినదానిని ఆమె తనలోనే దాచుకొనలేదు. ఆశతో ఎదురుచూచువారందరికి చెప్పెను.

మన గ్రామ సంఘములలో అట్టి అవ్వ లేని సంఘము అరుదు. గంట కొట్టకమునుపే వచ్చి గుడి ఊడ్చి, చాప పరచి, స్తంభమునకు ఆనుకొని కూర్చుండును. పుస్తకము చూడకుండ కీర్తన అందుకొనును. ఆమెను మనము ప్రతి ఆదివారము చూచుచునే యున్నాము. గాని ఆమె చరిత్రను వ్రాయుట లేదు. మన సంఘ చరిత్రలు దొరల పేర్లతోను, పాదిరుల పేర్లతోను నిండియున్నవి. ఈ వ్యాసములో నేను చెప్పగోరినది ఒక్కటే. దర్శి, ఒంగోలు ప్రాంతములలో సువార్త ఇల్లిల్లు చేరుటకు వయస్సు మళ్లిన స్త్రీలు భుజము పట్టిరి. వారి ముసలితనమునకు భుజము పట్టుట సంఘము తీర్చవలసిన ఋణము.

దర్శి నేల

దర్శి నేడు ప్రకాశము జిల్లాలోనిది. 1970 ఫిబ్రవరి 2న ఒంగోలు కేంద్రముగా ఆ జిల్లా ఏర్పడువరకు అది నెల్లూరు జిల్లాకు చెందియుండెను. అంతకు పూర్వము వెంకటగిరి జమీందారీలో నుండెను. కాలువ నీరు రాకమునుపు ఇది వానను నమ్ముకొన్న మెట్ట. సజ్జ, జొన్న, ఆరిక, కంది, ఆముదము ఇక్కడి పైరులు. నాగార్జునసాగరమునకు 1955 డిసెంబరు 10న పునాది వేయబడెను. 1967 ఆగష్టులో కాలువలకు నీరు విడువబడెను. పిమ్మట కుడి కాలువ శాఖలు ఈ ప్రాంతమునకు వచ్చెను. కొన్ని పొలములు తడిసెను, కొన్ని నేటికిని మెట్టగనే యున్నవి. పత్తియు మిరపయు విస్తరించెను.

ఈ రెండు పైరులును స్త్రీల చేతులమీద నడచునవి. కలుపు తీయుట, పత్తి ఏరుట, మిరపకాయలు కోయుట, కల్లములో తాలుకాయలు వేరుచేయుట, ఇవన్నియు వారి పనులే. నడుము వంగి పొలమునకు పోలేని స్త్రీ ఇంట కూర్చుండదు. కల్లములో కూర్చుండి తాలు ఏరును. ఆ ఘాటుకు దగ్గు పుట్టును, సాయంకాలమునకు చేతులు మండును. ఆ చేతితో కన్ను నలుపుకొనకూడదు. మనుమడిని ఎత్తుకొనుటకును జంకవలెను. ఉద్యోగికి పని విరమణ అని ఒక దినమున్నది. మెట్ట పొలపు స్త్రీకి అట్టి దినము లేదు.

దీనికితోడు ఈ పడమటి మెట్ట గ్రామములలో పెక్కింటి భూజలములో ఫ్లోరైడు మిక్కుటముగా నున్నది. ఆ నీరు ఏండ్ల తరబడి త్రాగినవారి పండ్లు గారపట్టును, ఎముకలు బిగియును, కీళ్లు వంగవు. ఏబదియేండ్లు నిండకమునుపే ముసలితనము వచ్చి కూర్చుండును. ఈ నేలమీద ఒక స్త్రీ అవ్వ కాగలిగెననిన, ఎన్ని కరవులను, ఎన్ని కాన్పులను, ఎన్ని జ్వరములను దాటి వచ్చెనో ఆలోచించుడి.

కొండమీద ఐదుగురు

1854వ సంవత్సరము జనవరి 1వ తేదీ తెల్లవారుజామున ఐదుగురు ఒంగోలులోని కొండ యెక్కిరి. అమెరికన్ బాప్టిస్టు మిషనువారైన లైమన్ జూవెట్ దొరగారు, ఆయన భార్య, క్రిస్టియన్ నర్సు అను సహోదరుడు, జూలియా, రూతు అను సహోదరీలు. తెలుగు మిషనును మూసివేయుటయా, నడిపించుటయా యని అమెరికాలో తర్జనభర్జన జరిగిన కాలమది. చుట్టునున్న గ్రామములను చూచుచు ఐదుగురును ప్రార్థించిరి. ఆ కొండను నేటికిని ప్రార్థన కొండ యని పిలుచుచున్నారు.

ఈ సంగతి మన సంఘములలో తెలియనివారు తక్కువ. అయితే ఆ ఐదుగురిలో ముగ్గురు స్త్రీలని తలచినవారెందరు? ఆనాటికి జూలియా యౌవనములో నున్నది. పిమ్మట ఆమె నెల్లూరులో బైబిలు స్త్రీగా దీర్ఘకాలము పరిచర్య చేసి, ఆ పనిలోనే వృద్ధురాలాయెను. కొండమీద అడిగిన ప్రార్థనకు జవాబు మరునాడు రాలేదు. పన్నెండేండ్లు గడచిన పిమ్మట, 1866లో, జాన్ క్లౌ దొరగారు ఒంగోలులో కాపురము పెట్టెను. ఆ సంవత్సరమే యెర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ బాప్తిస్మము పొందిరి. 1867 జనవరిలో పేరయ్యగారి గ్రామమైన తాళ్లకొండపాడులో 28 మంది బాప్తిస్మము పొందిరి. 1876 మొదలు 1878 వరకు ఘోరమైన కరవు వచ్చెను. ఆ కాలములో క్లౌ దొరగారు బకింగ్‌హాము కాలువ త్రవ్వకములో మూడున్నర మైళ్ల పనిని గుత్తకు తీసికొని, ఆకలిగొన్నవారికి కూలి దొరకునట్లు చేసెను. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లివద్ద ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ప్రార్థన కొండనుండి గుండ్లకమ్మ ఒడ్డునకు ఇరువదినాలుగేండ్ల దూరము. ప్రార్థించుటకు ఒక ఉదయము చాలును. కనిపెట్టుటకు ఆయుష్షు కావలెను. ముసలితనము దేవుడిచ్చు వరములలో ఇదియొకటి: ఆరంభమును ఎరిగినవారే ముగింపును చూచి, ఈ రెంటిని కలిపి చెప్పగలరు.

తలుపు తెరిపించినవారు

గుండ్లకమ్మ ఒడ్డున జరిగినది గొప్ప సంగతియే. గాని మరుసటి ఆదివారమున చిక్కు వచ్చెను. వందల గ్రామములలో వేలమంది క్రొత్త విశ్వాసులు, బోధకులు కొద్దిమంది. బాప్తిస్మము పొందిన స్త్రీలకు ప్రభువు ప్రార్థన నేర్పువారెవరు? శిశువు చనిపోయిన తల్లి ప్రక్కన కూర్చుండువారెవరు? జాతరకు పోవద్దని చెప్పుట సులభము. పోకున్నచో అత్త తిట్టును, ఆడబిడ్డ సాధించును. ఆ తిట్లనడుమ కోడలిని నిలువబెట్టువారెవరు? పురుషుడైన బోధకుడు వాకిటనుండి మాటలాడి వెళ్లవలసినదే. పొయ్యివద్దకు వెళ్లగలిగినది స్త్రీయే.

కావుననే మిషనులన్నియు బైబిలు స్త్రీలను ఏర్పరచుకొనెను. వారిలో బోధకుల భార్యలు కొందరు, విధవరాండ్రు కొందరు. ఈ పనికి వయస్సు మళ్లినవారు తగియుండుటకు కారణము మన ఊరి మర్యాదలోనే యున్నది. పడుచు కోడలు ఒంటరిగా వీధి దాటరాదు. దాటినచో నలుగురు నాలుగు మాటలందురు. అవ్వ ఏ వేళ ఏ వీధిని పోయినను అడుగువారు లేరు. "ఏమమ్మాయీ, బిడ్డ పాలు త్రాగుచున్నాడా?" యని పలుకరించి అరుగుమీద కూర్చుండగలదు. పురుషులయెదుట తల యెత్తి మాటలాడగలదు. లోకము ఆమె దినములు తీరినవని తలచెను. అట్లు తలచుటవలననే ఆమెకు స్వేచ్ఛ దొరికెను; ఆ స్వేచ్ఛను ఆమె ప్రభువు పనికి వాడుకొనెను.

ఇది సులభమైన పనియని తలంచవద్దు. పల్లెనుండి, గూడెమునుండి వచ్చిన స్త్రీని పెద్ద కులముల ఇండ్లు గడప దాటనియ్యలేదు. దొడ్డివాకిట, వేపచెట్టు క్రింద ఎడముగా నిలిచి పాట పాడవలెను. వినగోరినవారు తలుపు సందునుండి వినిరి. ఈమెకు మంచినీళ్లు పోయవలసివచ్చినచో దోసిట పైనుండి పోసిరి. ఆ అవమానమును దిగమ్రింగి మరుసటి వారము అదే వాకిటికి మరల వెళ్లినవారిని ఏమని పొగడుదుము?

చదువు రాని అవ్వలు గుండెలో పుస్తకము కట్టుకొనిరి. పురుషోత్తము చౌదరిగారు (1803–1890) మొదలైన భక్తులు వ్రాసిన కీర్తనలు మన గ్రామములలో అచ్చు పుస్తకము ద్వారా ఎంత వ్యాపించెనో, అక్షరము తెలియని స్త్రీల నోట అంతకంటె ఎక్కువ వ్యాపించెను. దంచునప్పుడు, విసరునప్పుడు, నాటువేయునప్పుడు పాడి పిల్లలకు నేర్పిరి. తిమోతి విశ్వాసమునకు మూలము వెదకుచు పౌలుగారు అతని అవ్వయైన లోయివరకు వెళ్లెను. మన విశ్వాసపు వేరు త్రవ్వి చూచినను అక్కడ ఒక అవ్వయే కనబడును.

క్లౌ దొరగారి రెండవ భార్య ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ దొరసానిగారు ఈ ప్రాంతపు మాదిగ క్రైస్తవుల జ్ఞాపకములను, వారి పూర్వుల గాథలను విని వ్రాసి, 1899లో ఒక ఇంగ్లీషు పుస్తకముగా ప్రకటించిరి. పెద్దలు చెప్పుచుండగా ఒకరు ఓపికతో విని వ్రాసినందున ఆ గాథలు నిలిచెను. విని వ్రాయనివి వారితోకూడ మట్టిలో కలిసెను.

ముసలితనపు సంతోషములు

ముసలితనమనిన కష్టమే యని వ్రాయుట న్యాయము కాదు. మన స్త్రీలు దానిలో సంతోషమును ఎరుగుదురు. కోడలిగా వచ్చిన ఇంటిలో నోరెత్తని స్త్రీ, అవ్వయైన పిమ్మట ఇంటికి సలహాదారు. విత్తనపు గింజను బూడిద కలిపి కుండలో దాచుట ఆమెకే తెలియును. ఏ బిడ్డకు ఏ కషాయమో, ఏ ఇంటికి ఏ ఇల్లు చుట్టరికమో ఆమెయే చెప్పవలెను. రూతు గ్రంథపు చివర నయోమి సంగతి చదువుడి. మోయాబునుండి వట్టి చేతులతో వచ్చి, తన పేరునే చేదుగా మార్చుకొన్న ఆ స్త్రీ, కడపట ఒడిలో బిడ్డను పెట్టుకొనెను. పొరుగు స్త్రీలు ఆమెను చూచి దేవుని స్తుతించిరి. మనుమడిని ఒడిలో పెట్టుకొన్న ప్రతి అవ్వయు నయోమియే.

ఇంకొక సంతోషము తన అవసరము ఇతరులకు కలదని ఎరుగుట. గుంటూరులో స్త్రీల ఆసుపత్రిని స్థాపించిన లూథరన్ మిషను డాక్టరు అన్నా కుగ్లర్ దొరసానిగారు 1883లో ఈ దేశమునకు వచ్చి, 1930లో తన 74వ యేట గుంటూరులోనే నిద్రించిరి. ఆమె తన వార్ధక్యమును స్వదేశపు విశ్రాంతిలో గడుపుటకు పోలేదు. వయస్సు మళ్లినవారు కోరునది కూడును గుడ్డయు మాత్రమే కాదు. "అవ్వా, నీవు రాకున్నచో ఈ పని జరుగదు" అను మాటను వారు కోరుదురు. ఆ మాట విన్న దినమున వారి కాళ్లకు బలము వచ్చును.

వంతుల తల్లి

ఇప్పుడు దుఃఖపు సంగతి చెప్పవలెను. "ఊరు పొమ్మనుచున్నది, కాడు రమ్మనుచున్నది" అను సామెత మన అవ్వల నోటనుండి వచ్చినదే.

విధవరాలి కష్టము అన్ని కులములలో ఒక్కటి కాదు. అగ్రకులములలో చిన్న వయస్సు విధవలకు శిరోముండనము, పునర్వివాహ నిషేధము ఉండెను. 1856లో పునర్వివాహ చట్టము వచ్చినను ఆచారము మారలేదు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగము పంతులుగారు మొదటి వితంతు వివాహము జరిపించిరి. గుంటూరులో ఉన్నవ లక్ష్మీనారాయణగారు, లక్ష్మీబాయమ్మగారు 1922లో స్త్రీల కొరకు శారదా నికేతనము స్థాపించిరి. మాల, మాదిగ కులములలోనైతే మారుమనువు ఆచారముగా నుండెను. కావున వారి విధవరాండ్రకు ఆచారపు సంకెల అంతగా లేదు. గంజి కరవు మాత్రము ఉండెను. వయస్సు మళ్లినవారిని మనువాడువారు లేరు, భూమి లేదు, కూలికి పిలుచువారు లేరు. సంస్కర్తల గ్రంథములలో ఈ ముసలి విధవరాలి ఆకలికి చోటు తక్కువ.

నేటి దుఃఖము వేరొక రూపములో నున్నది. ముగ్గురు కుమారులున్న తల్లి నెలకొక ఇంట వంతులకు తిరుగును. ముప్పదియొక దినముల నెల వచ్చినప్పుడు ఆ చివరి దినపు కూడు ఎవరు పెట్టవలెనని తగవు పుట్టును! ముగ్గురిని మోసిన తల్లికి ఒక దినము బరువాయెను. ఆమె బట్టల మూట చంకను పెట్టుకొని వీధిలో నడచునప్పుడు, ఆ కుమారులు ప్రభువు బల్లకు వచ్చి కూర్చుండువారని తలచిన గుండె కలుక్కుమనును.

కొందరి పిల్లలు హైదరాబాదునకు, బెంగుళూరునకు పనికి వెళ్లిరి. వారు చెడ్డవారు కారు. డబ్బు పంపుచున్నారు, ఫోనులో మాటలాడుచున్నారు. గాని రాత్రివేళ జ్వరము వచ్చినప్పుడు ఫోను మంచినీళ్లియ్యదు. కంటిలో శుక్లము కమ్మిన అవ్వ, శస్త్రచికిత్సతో చూపు వచ్చునని తెలియక, తోడు వెళ్లువారు లేక, ఏండ్లకేండ్లు చీకటిలో నుండును.

ప్రభుత్వము చేసినది తక్కువ కాదు. 1995 ఆగష్టు 15న కేంద్ర ప్రభుత్వము దిక్కులేని వృద్ధులకు నెలకు 75 రూపాయల పింఛను ఆరంభించెను. ఆంధ్రప్రదేశములో 2024 జూలై నుండి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఈ డబ్బు అవ్వకు మందునిచ్చినది, మాటకు విలువనిచ్చినది. అయితే జీవితమంతయు పలుగు, పార పట్టి, తాలు ఏరి అరిగిపోయిన వేళ్లు కొన్ని సమయములలో యంత్రముమీద ముద్ర పడవు. ఆమె కష్టమే ఆమె గుర్తును చెరిపివేసెను! అట్టివేళ ఆమెతో కార్యాలయమునకు వెళ్లి మాటలాడువాడొకడు కావలెను.

చట్టమును సహాయమునకున్నది. 2007లో వచ్చిన తల్లిదండ్రుల పోషణ చట్టము ప్రకారము, బిడ్డలు చూడని తల్లి రెవెన్యూ డివిజను స్థాయి ట్రిబ్యునలుకు అర్జీ పెట్టుకొనవచ్చును. పొలము బిడ్డలకు వ్రాసి యిచ్చు పెద్దలు, తమ్మును పోషించవలెనను షరతును ఆ పత్రములోనే వ్రాయించుట క్షేమము. అప్పుడు మాట తప్పినచో ఆ పత్రమును రద్దుచేయించుకొను దారి కలదు. వీలునామా లేక చనిపోయిన క్రైస్తవుని ఆస్తిలో, సంతానము ఉన్నప్పుడు, 1925 నాటి భారత వారసత్వ చట్టము విధవరాలికి మూడవ వంతు నిచ్చుచున్నది. ఇది దయాధర్మము కాదు, ఆమె హక్కు.

విధవరాండ్ర జాబితా

ఆది సంఘములో పుట్టిన మొదటి తగవు ఏది? సిద్ధాంతమును గూర్చినది కాదు. గ్రీకు భాష మాటలాడు విధవరాండ్రకు అనుదిన భోజనము సరిగా అందలేదను తగవు. అపొస్తలులు దానిని చిన్న సంగతిగా త్రోసివేయక, ఏడుగురిని ఏర్పరచిరి (అపొ. కార్య. 6). పౌలుగారు తిమోతికి వ్రాసిన మొదటి పత్రిక అయిదవ అధ్యాయములో అరువది యేండ్లు దాటిన విధవరాండ్ర జాబితా సంగతి యున్నది. ఆ అధ్యాయము రెండు మాటలు చెప్పుచున్నది. మొదటిది, బిడ్డలును మనుమలును ముందు తమ ఇంటి పెద్దలకు ప్రత్యుపకారము చేయవలెను. అట్లు చేయనివాని విశ్వాసమునకు అర్థము లేదు. రెండవది, ఎవరును లేనివారి భారము సంఘముదే. జాబితాలోనున్నవారు కూడు తిని కూర్చుండువారు కారు. ప్రార్థనలోను సత్క్రియలలోను పేరుపొందినవారు. సంఘము వారిని పోషించెను, వారు సంఘమునకు పరిచర్య చేసిరి.

మన సంఘములలో పిడికెడు బియ్యపు కానుక ఉన్నది. వంటకు బియ్యము తీయునప్పుడు ఒక పిడికెడు వేరుగా కుండలో వేయుట మన స్త్రీల భక్తి. ఆ బియ్యముతో ఎన్నో ఏండ్లు బోధకుల కుటుంబములు బ్రదికినవి. గంజి త్రాగు విధవరాలును ఆ కుండలో పిడికెడు వేసినదే. నేడు ఆమె పొయ్యి వెలుగనప్పుడు ఆ కుండ ఆమె ఇంటివైపు ఒరుగవలదా?

కావున ప్రతి సంఘపు పెద్దలకు నా మనవి ఇది. మీ సంఘములో అరువది యేండ్లు దాటిన ఒంటరి స్త్రీలెందరో ఒక జాబితా వ్రాయుడి. ప్రతి పేరునకు ఎదుట వారిని వారమునకొకసారి చూడవలసిన ఒకరి పేరు వ్రాయుడి. కన్ను కనబడనివారిని ఆసుపత్రికి తీసికొనిపోవుడి. తల్లిని వంతులకు త్రిప్పు కుమారులతో సంఘపు పెద్దలు ఇంటికి వెళ్లి, బహిరంగముగా అవమానింపక, నిదానముగా మాటలాడుడి. ఆదివారపు బడిలో కథ చెప్పుటకు ఒక అవ్వను పిలువుడి. యౌవనస్థులారా, మీ చేతిలోని ఫోనులో ఆమె పాత పాటలను, ఆమె ఎరిగిన సంఘ చరిత్రను ఆమె గొంతుతోనే పట్టి ఉంచుడి. ఆమె పోయిన పిమ్మట వెదకిన దొరకదు.

అవ్వలారా, మీకును ఒక మాట. కాళ్లు ఆడుట లేదని, ఇక మన పని తీరినదని తలంచకుడి. అన్న ప్రవక్త్రికి కాళ్లబలముతో పని లేకపోయెను. ఆమెకు కనిపెట్టు కన్నులు చాలెను. మీ మంచముమీదనుండి ఊరిలోని ఒక్కొక్క ఇంటి పేరు చెప్పి ప్రార్థింపుడి. 1854లో కొండమీదికి వెళ్లిన ఆ ముగ్గురు స్త్రీలు చేసినది అదియే. వారి ప్రార్థనా ఫలమును మనము నేడు తినుచున్నాము. మీ ప్రార్థనా ఫలమును మీ మనుమల మనుమలు తిందురు.

మనలను ముదిమి వరకు ఎత్తుకొను దేవుడు, మన అవ్వలను ఎత్తుకొను చేతులను మనకు దయచేయును గాక. ఆమేన్.